"పెరిగే బిడ్డ, అదే సర్దుకుంటుంది" – ఈ మాట ఎంతవరకు నిజం?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పకుండా చదవండి.

మన కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపు పిల్లవాడు బండి మీదనుంచో మేడ మెట్ల మీదనుంచో పడి తలకు దెబ్బ తగిలితే, పెద్దవాళ్లు తల్లికి ధైర్యంగా ఒక మాట చెప్తారు. "పెరిగే బిడ్డ, ఏమీ కాదు, అదే సర్దుకుంటుంది." ప్రేమతో చెప్పే మాటే. మన అవ్వలే కాదు, యూరోపులో, అమెరికాలో పెద్దపెద్ద డాక్టర్లు కూడా నూరేళ్లపాటు ఇంచుమించు ఇదే నమ్మారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలుసుకోవడానికి వాళ్లకు చాలా కాలం పట్టింది. ఆ చరిత్ర మనకెందుకంటే, ఆ రెండో సగం తెలియక మన పిల్లలు కొందరు ఇప్పటికీ నష్టపోతున్నారు.

నమ్మకం ఎక్కడ పుట్టింది

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏది అడిగినా "టాన్" అనే ఒక్క మాటే పలికేవాడు. అతను చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందుభాగం చెడిపోయి ఉంది. అలాంటివాళ్లను ఇంకొందరిని చూశాక, మాట్లాడే శక్తి మెదడులో ఎడమవైపు ఉంటుందని 1865లో బ్రోకా ప్రకటించాడు.

మూడేళ్లకే, 1868లో, అదే పారిస్‌లో జూల్ కొతార్ అనే యువ డాక్టరు ఒక చిక్కుప్రశ్న తెచ్చిపెట్టాడు. చిన్నతనంలోనే మెదడు ఎడమభాగం కుంచించుకుపోయినవాళ్లను అతను గమనించాడు. వాళ్లకు కుడి చెయ్యి, కుడి కాలు బలహీనం. కానీ మాట మాత్రం ఉంది. మాట ఎడమవైపే ఉంటే వీళ్లెలా మాట్లాడుతున్నారు? పసితనంలో దెబ్బ తగిలింది కాబట్టి, మాట పనిని కుడివైపు మెదడు నేర్చుకుంది. పసిమెదడు ఒకవైపు పోతే ఇంకోవైపు సర్దుకోగలదన్న ఆశ అక్కడినుంచి బలపడింది.

1930లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ కెన్నార్డ్ అనే ఆమె కోతులమీద పరిశోధన చేశారు. కాళ్లూ చేతులూ ఆడించే మెదడు భాగాన్ని పిల్లకోతుల్లో తీస్తే, పెద్దకోతులకంటే అవి బాగా కోలుకున్నాయి. 1936నుంచి ఆమె వీటిని ప్రచురించారు. తరువాతి కాలంలో ఇదే "కెన్నార్డ్ సూత్రం" అన్న పేరుతో వైద్య విద్యార్థుల పాఠమైంది: మెదడుకు దెబ్బ తగలక తప్పకపోతే చిన్నప్పుడే తగలడం మేలు.

1950లో దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్‌లో క్రైనో అనే సర్జన్ ఇంకో అడుగు వేశాడు. పసితనంలో ఒకపక్క పక్షవాతం వచ్చి, ఆగని మూర్ఛలతో బాధపడుతున్న 12 మందికి చెడిపోయిన సగం మెదడు తీసేసిన సంగతి ప్రకటించాడు. సగం మెదడు తీసినా మాట నిలిచింది. 1967లో ఎరిక్ లెనెబర్గ్ తన పుస్తకంలో యుక్తవయసు వచ్చేవరకూ భాష ఒకవైపునుంచి ఇంకోవైపుకు మారగలదన్నాడు. ఇన్ని విన్నాక "పిల్లలకు ఏమీ కాదు" అని ఎవరు నమ్మరు?

కెన్నార్డ్ అసలు చెప్పిందేమిటి

ఇక్కడొక విషయం గమనించాలి. "కెన్నార్డ్ సూత్రం" అన్న పేరు ఆమె పెట్టుకున్నది కాదు. ఆమె మాట అంత సులభమైనదీ కాదు. వయసు ఒక్కటే కాదు, దెబ్బ ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయని ఆమె రాశారు. బాగైనట్టు కనబడిన పిల్లకోతుల్లో కొన్నింటికి పెరిగేకొద్దీ కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే లోపాలు బయటపడ్డాయనీ ఆమె గమనించారు. అది పాఠాల్లోకి రాలేదు. వినడానికి బాగున్న సగమే జనంలో నిలిచింది.

కెనడాలో డొనాల్డ్ హెబ్ అనే మానసిక శాస్త్రవేత్త కూడా 1940లలోనే హెచ్చరించాడు. మెదడు ముందుభాగానికి పెద్దయ్యాక దెబ్బ తగిలినవాళ్లకు అంతకుముందు నేర్చుకున్న తెలివి చాలావరకు మిగులుతుంది. అదే పసితనంలో తగిలితే నేర్చుకునే శక్తే దెబ్బతినవచ్చు. కట్టిన ఇంటికి బీట పడటం వేరు, పునాది వేసేటప్పుడే నేల కుంగడం వేరు.

మన రాష్ట్రానికి ఈ వైద్యం ఎలా వచ్చింది

హెబ్ పనిచేసిన మాంట్రియల్ నాడీ వైద్య సంస్థకూ మన రాష్ట్రానికీ ఒక సంబంధం ఉంది. ఆ సంస్థ పెద్ద వైల్డర్ పెన్‌ఫీల్డ్. అక్కడ శిక్షణ పొందివచ్చిన డాక్టర్ జాకబ్ చాండీ 1949లో వెల్లూరు సి.ఎం.సి.లో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. మన దేశంలో అదే మొదటిది. 1950లో మద్రాసు జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ బి. రామమూర్తి మొదలుపెట్టారు. అంటే మన తాతల కాలంలో కోవిల్‌పట్టి పక్క పల్లెలో బిడ్డ తలకు పెద్ద దెబ్బ తగిలితే ఆపరేషన్ కోసం రైలెక్కి అంతదూరం పోవాలి. ఎందరు పోగలిగారో, దారిలోనే ఎందరు ఆగిపోయారో ఏ రికార్డులోనూ ఉండదు.

ఆపరేషన్ తర్వాత సంగతి గురించి వెల్లూరులోనే ఇంకో కథ ఉంది. అక్కడి డాక్టరమ్మ మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుమునుంచి కింద భాగం పడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని ఆపరేషన్లు చేశారు. తర్వాత అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదువుకొని వచ్చారు. 1966లో వెల్లూరులో మొదలైన పునరావాస కేంద్రం ఆమె కృషే. ప్రాణం నిలబెట్టడం సగం పనే, మనిషిని తిరిగి నిలబెట్టడం మిగతా సగం అని ఆ కేంద్రం చూపించింది. తలకు దెబ్బ తగిలిన పిల్లల విషయంలో మనం వదిలేస్తున్నది ఆ రెండో సగాన్నే.

ఇక మన దగ్గర మధురై వైద్య కళాశాల 1954లో, తిరునెల్వేలి 1965లో, విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో వచ్చాయి. దూరం తగ్గింది. కానీ ఇంటికి వచ్చాక ఏం చెయ్యాలన్న తెలివి అదే వేగంతో మన ఇళ్లకు రాలేదు.

రెండో సగం బయటపడింది

1980లనుంచి కెనడాలో బ్రయన్ కోల్బ్ ఎలుకలమీద చేసిన పరిశోధనల్లో వయసు లెక్క తిరగబడింది. పుట్టిన మొదటి కొద్దిరోజుల్లో మెదడుకు దెబ్బ తగిలిన ఎలుకపిల్లలు అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నాయి. ఒక వారం దాటాక తగిలినవి బాగా కోలుకున్నాయి. కాబట్టి "ఎంత చిన్నవయసైతే అంత మేలు" అన్నది తప్పు. ఆ సమయంలో మెదడు లోపల ఏ పని జరుగుతోందన్నదే ముఖ్యం. అదే పరిశోధనల్లో ఇంకో మంచి సంగతీ తెలిసింది. దెబ్బ తగిలిన ఎలుకపిల్లలను రోజూ మెత్తని బ్రష్‌తో నిమిరితే అవి మెరుగ్గా కోలుకున్నాయి. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. అయినా స్పర్శ, ఆట, మాట మెదడుకు ఉత్త ఓదార్పు కాదు, అవి కూడా మందేనని దీనివల్ల అర్థమవుతుంది.

మనుషుల్లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విక్కీ ఆండర్సన్ బృందం తలకు దెబ్బ తగిలిన పిల్లలను ఏళ్లతరబడి వెంటబడి చూసింది. తీవ్రమైన దెబ్బ, అదీ మరీ చిన్న వయసులో తగిలినవాళ్లకే నష్టం ఎక్కువగా కనబడింది. ఇంటి వాతావరణం బాగున్న పిల్లలు మెరుగ్గా నిలబడ్డారు.

మరి కొతార్ చూసినవాళ్లకు మాట ఎలా మిగిలింది? అక్కడే అసలు కిటుకు ఉంది. వాళ్లకు చెడిపోయింది ఒక పక్క, ఇంకో పక్క చెక్కుచెదరలేదు. బండి ప్రమాదంలో అలా కాదు. తల ఒక్కసారి విసురుగా ఊగి ఆగినప్పుడు పుర్రె లోపల మెదడు మొత్తం కుదుపుకు లోనవుతుంది. నరకణాలను కలిపే సన్నని తీగలు అక్కడక్కడా సాగి తెగిపోతాయి. పని అందుకోవడానికి చెక్కుచెదరని పక్క అంటూ మిగలదు. పైగా పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు బలహీనం, పుర్రె పలుచన. వేరే రకం దెబ్బలో కనబడిన అదృష్టాన్ని లోకం రోడ్డు దెబ్బకూ అంటగట్టేసింది.

సర్దుకోవడం ఎలా జరుగుతుంది

దీన్ని మన రోడ్డుతో చెప్తాను. విరుదునగర్‌నుంచి కోవిల్‌పట్టికి ఎన్.హెచ్. 44 ఉంది. సాత్తూరు దగ్గర ఏదో కారణంతో రోడ్డు మూసేశారనుకోండి. బస్సులు పల్లెరోడ్ల మీదుగా తిరిగి వెళ్తాయి. ఆలస్యమైనా ఊరు చేరతాయి. రోజూ అవే బస్సులు అటే పోతే ఆ చిన్నరోడ్డు వెడల్పు చేస్తారు, తారు వేస్తారు. మెదడులో జరిగేదీ ఇదే. వాడినకొద్దీ కొత్త దారి బలపడుతుంది. వాడకపోతే ముళ్లకంప మొలుస్తుంది. దీన్నే డాక్టర్లు న్యూరోప్లాస్టిసిటీ అంటారు.

అయితే ఆ పల్లెరోడ్డు మీద పల్లెవాళ్ల ట్రాక్టర్లు, మేకలు, బడిపిల్లలు ఇదివరకే ఉన్నారు. బస్సులన్నీ అటు వస్తే వాళ్ల పని కుంటుపడుతుంది. అలాగే మాట పనిని కుడివైపు మెదడు నెత్తిన వేసుకుంటే, ఆ వైపు చెయ్యాల్సిన బొమ్మలు గుర్తించడం, దూరాలు అంచనా వెయ్యడం లాంటి పనులు నీరసపడవచ్చు. సర్దుబాటు ఊరికే రాదు. దానికి అభ్యాసం పెట్టాలి, కొంత మూల్యమూ చెల్లించాలి.

ఆలస్యంగా కనబడే లోపం

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. మెదడు ముందుభాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై ఏళ్లు దాటాలి. పథకం వేసుకోవడం, కోపం ఆపుకోవడం, రెండు పనులు గుర్తుపెట్టుకోవడం దాని పని. నాలుగేళ్ల బిడ్డకు ఆ పనులు ఇంకా రావు కాబట్టి, అక్కడ దెబ్బ తగిలినా లోపం కనబడదు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అన్నం తింటున్నాడు. "బాగైపోయాడు" అని అందరూ అనుకుంటారు.

ఆ బిడ్డే ఆరో తరగతికి వచ్చాడనుకోండి. ఐదారుగురు టీచర్లు, పెద్ద పాఠాలు, సొంతంగా చదువుకోవాల్సిన పని. అప్పుడు వెనకబడతాడు. పుస్తకం తెరిస్తే పది నిమిషాలకే అలసిపోతాడు. చిన్న మాటకు కోపం. చెప్పింది మరిచిపోతాడు. ఏడేళ్ల కిందటి ఆ దెబ్బ అప్పటికి ఎవరికీ గుర్తుండదు. టీచరు "సోమరి" అంటారు, నాన్న "పొగరు" అంటాడు. వాడికేం అవుతోందో వాడికీ తెలియదు. లోపం కొత్తగా రాలేదు, ఆ భాగం పనికి పిలుపు వచ్చే వయసు ఇప్పుడు వచ్చింది, అంతే.

ఆడపిల్ల అయితే ఇంకో బాధ ఉంది. "తలకు దెబ్బ తగిలిన పిల్ల" అన్న పేరు వస్తే రేపు సంబంధాలు రావని దెబ్బ సంగతే దాచిపెడతారు. దాచిన దెబ్బకు వైద్యం ఎలా అందుతుంది? ఈ విషయంలో మనసు మార్చుకోవాల్సింది తల్లిదండ్రులకంటే ముందు మనమే, సంఘంలోని మిగతా వాళ్లమే.

అమెరికాలో 1990లోనే ప్రత్యేక విద్య చట్టంలో తలదెబ్బ పిల్లలను ఒక ప్రత్యేక వర్గంగా చేర్చారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, తలదెబ్బ అన్న పేరుతో విడిగా ఒకటి లేదు. కానీ దానివల్ల వచ్చే బుద్ధి లోపం, చదువు లోపం, కాళ్లూ చేతుల లోపం ఆ పట్టికలో ఉన్నవాటి కిందికి రావచ్చు. కాబట్టి పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవడం సిగ్గుపడే పని కాదు. పరీక్షల్లో అదనపు సమయం లాంటి సౌకర్యాలకు అదే ఆధారం.

ఇంట్లో తెలుగు మానెయ్యాలా?

ఇది మనలాంటివాళ్లకే వచ్చే ప్రశ్న. దెబ్బ తగిలిన బిడ్డకు మాట తడబడితే "రెండు భాషలు వద్దు, తమిళం ఒక్కటే మాట్లాడండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కంగారుపడకండి. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో రెండు భాషలవల్ల నష్టం కనబడలేదు.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పనినీ చెప్పాలి. మెదడుకు స్ట్రోక్ వచ్చిన 608 మంది రోగుల వివరాలు చూసి 2016లో ప్రచురించారు. ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిస్తే, రెండో భాష కూడా వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి నిలిచింది. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. వీళ్లు పెద్దవాళ్లు, జబ్బు స్ట్రోక్. పిల్లల తలదెబ్బకు దీన్ని నేరుగా అంటించకూడదు, కొతార్ కథనుంచి మనం నేర్చుకున్న పాఠం అదే కదా. కానీ రెండు భాషలు మెదడుకు బరువు అన్న భయానికి ఇందులో ఆధారం ఏదీ లేదు. మన కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. ఆయన తమిళంలో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. దెబ్బ తగిలిన బిడ్డకు అమ్మ మాట, అవ్వ కథ ఏ భాషలో సహజంగా వస్తాయో ఆ భాషే మొదటి అభ్యాసం. దాన్ని లాగేసుకోవద్దు.

48 గంటలు, ఆ తర్వాత

తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో "ఇన్నుయిర్ కాప్పోం" పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లు ఏ ఊరివాళ్లైనా సరే, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో మొదటి 48 గంటల వైద్యం ఉచితం. మొదలుపెట్టినప్పుడు లక్ష రూపాయల వరకు అన్నారు. మన జాతీయ రహదారి పక్క ఊళ్లకు ఇది పెద్ద అండ. గాయపడ్డవాళ్లను ఆస్పత్రిలో చేర్చినవాళ్లను కేసులతో వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 మోటారు వాహన సవరణ చట్టంలోనూ రాశారు. కాబట్టి రోడ్డు మీద ఎవరి బిడ్డ పడి ఉన్నా ఆగండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఆ 48 గంటలను ప్రభుత్వం చూసుకుంటోంది. తర్వాతి పదేళ్లు ఎవరు చూసుకోవాలి? ఇల్లు, బడి, సంఘం. నా మనవి ఇవి.

ఒకటి, దెబ్బే తగలకుండా చూడటం. నాలుగేళ్లు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్ తప్పనిసరి అని చట్టం. హెల్మెట్ తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఆడి శుక్రవారం ఇరుక్కన్‌కుడి మారియమ్మ గుడికి ఒకే బండి మీద నలుగురు వెళ్లే అలవాటు ఈ ఏడాదితో ఆపుదాం. అమ్మవారు కాపాడుతుంది, తలకు హెల్మెట్ మాత్రం మనమే పెట్టాలి.

రెండు, దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, లేపినా లేవని మగత, మూర్ఛ, ముక్కు చెవులనుంచి నీళ్లలా కారడం, కంటిపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం కనబడితే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. చిన్న దెబ్బే అని డాక్టరు చెప్తే ఒకటి రెండు రోజుల విశ్రాంతి ఇచ్చి, తర్వాత మెల్లగా బడికీ చదువుకూ పంపండి. పూర్తిగా తగ్గేదాకా హాకీ లాంటి ఆటలు వద్దు. మన కోవిల్‌పట్టి పిల్లలకు హాకీ మానడం కష్టమే, అయినా తప్పదు.

మూడు, డిశ్చార్జి చీటీ పారెయ్యకండి. ఒక కాపీ బడిలో ఇవ్వండి. ఐదేళ్ల తర్వాతైనా చదువులో, కోపంలో మార్పు వస్తే ఆ చీటీతో మళ్లీ డాక్టరును కలవండి. ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువం"లో ఇంటికే ఫిజియోథెరపీ వస్తుంది, మీ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

నాలుగు, ఇది సంఘానికి. మనలాంటి సంఘాలు విద్యా సహాయాన్ని సాధారణంగా మార్కులు చూసి ఇస్తాయి. మంచి ఉద్దేశమే. కానీ తలకు దెబ్బ తగిలి 90 శాతంనుంచి 50కి దిగిన బిడ్డ ఆ పట్టికలో కనబడనే కనబడడు. ఎక్కువ సహాయం కావలసింది వాడికే. మన సహాయంలో కొన్ని భాగాలను ప్రమాదంనుంచి కోలుకుంటున్న పిల్లలకు, మార్కులు చూడకుండా, కనీసం మూడు నాలుగేళ్లపాటు కేటాయించాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిద్దాం. ట్యూషన్‌కో, మధురైకి తిరునెల్వేలికి ప్రయాణాలకో ఆ డబ్బు ఉపయోగపడుతుంది. పేర్లు బయటికి రాకుండా ఇద్దరు పెద్దలకే తెలిసేలా చెయ్యవచ్చు.

"పెరిగే బిడ్డ, అదే సర్దుకుంటుంది" అనే మాటను మన నోట మానెయ్యక్కర్లేదు. ఒక్క పదం మార్చుకుందాం. అదే సర్దుకోదు, మనం సర్దితే సర్దుకుంటుంది. మీ అభిప్రాయాలు రాయండి. ఇలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఇక్కడ బహిరంగంగా రాయనక్కర్లేదు, సంఘం పెద్దల్లో మీకు నమ్మకమైనవాళ్లతో విడిగా మాట్లాడండి.